ఖాళీ గడి

అమలాపురం ఆఫీసులో
తిరగని ఫ్యాను కింద మ్యాపు తెరిచాను.
గౌతమికీ వైనతేయకీ నడుమ
నాలుగొందల పన్నెండు చుక్కలు,
చుక్కకో బోరు.

"ఉప్పెక్కినవే చూపించమ్మా" అన్నారు సారు.
ఫిల్టర్ గీత మీద బొత్తాం పట్టుకుని కుడికి జరిపాను.
టీడీఎస్ వెయ్యి. పదిహేనొందలు. రెండు వేలు.
తీపి నీళ్ళ ఊళ్ళన్నీ
జల్లెడలోంచి నూకల్లా జారిపోయాయి.
అల్లవరం వైపు కాస్త ఎరుపు మిగిలింది
రొయ్యల చెరువుల గట్లు పట్టుకుని.

"ఇంతేనా?"
ఆయన గొంతులో సంతోషమే.
ఇంతేనండి, అనబోయాను.

గువ్వల లంక ఏదీ?
ఎరుపులో లేదు. వెనక్కి జరిపితే నీలంలోనూ లేదు.
పట్టికలోకి దిగి చూస్తే
ఊరి పేరుంది, పక్క గడి ఖాళీ.
వరద నెలలో పంటు తిరగలేదు,
నమూనా సీసాలు మోసే యెషయా
సంచీతో సహా రేవులోనే ఆగిపోయాడు.

ఖాళీ అంటే సున్నా కాదు.
ఎంత ఉప్పని అడిగితే
నోరు తెరవని ఊరిని
ఫిల్టర్ ఏ వైపూ ఉంచదు, అంతే.

పోయిన వేసవిలో అక్కడ ఒక గ్లాసు తాగాను.
ఇచ్చినావిడ
నేను మింగేదాకా నా మొహమే చూస్తూ నిలబడింది.

నాలుగొందల పదకొండు చుక్కల నడుమ
బూడిద రంగుది ఒకటి పెట్టాను, చేత్తో.
"అదేంటమ్మా, సూచికలో లేని రంగు?"
"రేపు పొద్దున్న
మొదటి పంటు ఎన్నింటికండీ?" అన్నాను.