రెండింటికి పొద్దుగూకే గది

మా హేచరీలో మధ్యాహ్నం రెండింటికి పొద్దుగూకుద్ది.
గోడ మీద టైమరు టక్కుమంటే చాలు,
బయట ఇసకపల్లి ఎండ పేలాలు వేయిస్తున్నా
లోపల చీకటి.
నల్ల పరదాలు, నల్ల తొట్లు.
టార్చికి ఎర్ర కాయితం చుట్టుకుని
నేనూ సూపర్‌వైజర్ మస్తానయ్యా
మోకాటి లోతు నీళ్లలో
దొంగల్లాగా నడుస్తాం.

రొయ్యలకు అది రాత్రే.
రాత్రనుకుంటేనే జతకడతాయంట, గుడ్లు పెడతాయంట.
రాత్రి పని పగలే తెమిలిపోతే
కంపెనీకి ఓవర్‌టైం మిగులుద్ది.

చేరిన కొత్తలో మస్తానయ్య చెప్పినాడు:
రొయ్యకు గడియారం కంటి కాడలో ఉంటది.
గోరంత లేని ఆ కాడలో
వెలుతురు ఎంతసేపు, చీకటెంతసేపు అని
కొలిచి వదిలే రసాలు ఉంటాయి.
"ఆగు, ఇంకా వేళ కాలా" అని
గుడ్లకు చెప్పే రసం కూడా అక్కడిదే.
ఆ మాట వినపడకుండా చెయ్యాలంటే
ఒక కన్ను తీసేస్తే సరి.

పట్టకారు ఎర్రగా కాల్చి ఆయన నొక్కుతాడు.
నేను పట్టుకుంటా.
తడిగుడ్డలో తల్లి రొయ్య.
అరవదు, అరిచే గొంతు దానికి లేదు.
బొటనవేలి కింద తోక ఒక్కసారి కొట్టుకుంటది.
మిగిలిన కాడకు నెంబరు రింగు తొడిగి వదిలేస్తాం.
నాలుగైదు రోజులకు
వీపు పొడుగునా ముదురు పచ్చ చార.

మా నాయన కందలేరు ఉప్పుటేట్లో పీతలు పట్టేవాడు.
ఒకసారి నాకొక బుల్లి పీతనిచ్చాడు,
ఒక చెయ్యి దాని ఒంటికంటే పెద్దది.
డబ్బాలో వేసి మూతబెట్టి
మంచం కిందకి తోసినా.
పొద్దున తీస్తే నల్లగా ఉండాది.
రాత్రి దీపం పట్టి చూస్తే
సున్నం పూసినట్టు తెల్లబోయింది.
తెల్లారేసరికి మళ్లీ నలుపు.
"నాయనా, దీనికి పొద్దెట్టా కనపడింది?"
బీడీ నేలకు నొక్కి అన్నాడు:
"కనపడక్కర్లేదు బిడ్డా. దానికి తెలుసు."
నాలుగో రోజు చచ్చిపోయింది.
ఏ రంగులో చచ్చిందో నేను చూళ్లా.

ఒక వారం నాకు పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ.
మూణ్ణెల్లుగా ముట్టు రాలేదు.
నెల తప్పిందని మా అత్త సేమ్యా పాయసం వండింది.
కావలి డాక్టరమ్మ చూసి, కాదంది.
"రాత్రిళ్లు సరిగ్గా నిద్రపోతున్నావా?"
"ఏ రాత్రండీ?" అన్నా.
రాసే పెన్ను ఆపి
అప్పుడు నా మొహం చూసింది.

ఆ వారమే, ఒకనాడు,
కరెంటు పోయి మస్తానయ్య జనరేటరుకాడికి ఉరికినాడు.
పట్టకారు చల్లారింది.
నా గుప్పిట్లో రెండొందల పద్నాలుగు.
టార్చి వెలుగులో రెండు కళ్లూ
కాడల మీద నిప్పు కణికలు.
అట్నే తొట్టిలో వదిలేసి
షీటులో "కోసినాం" గడికి టిక్కు పెట్టినా.

పక్కవన్నీ పెట్టేసినాయి.
దానికి సున్నా. మళ్లీ సున్నా.
"మొండి ఘటం, రెండ్రోజులు చూసి కూరకి తోలేద్దాం"
అన్నాడు మస్తానయ్య.
నేను తొట్టి గోడ తోముతున్నా.

నిన్న అడుగున ఒక డొల్ల తేలింది,
మీసాలతో, కాళ్లతో, కంటి గాజుతో సహా
చొక్కా విప్పినట్టు విప్పిన డొల్ల.
రింగు దానికే ఉండాది.
"చచ్చింది, తతిమ్మావి తిన్నాయి"
అని మస్తానయ్య నెంబరు కొట్టేసినాడు.

ఆరింటికి షిఫ్టు దిగినా.
లోపల నడిరేయి.
బయట సరివి తోపు వెనక
ఇప్పుడే ఎర్రబడతా ఉంది.
రింగు కొంగు ముడిలో ఉండాది.
లోపల యాభై తొట్లలో
ఒక తొట్లో, పేరూ నెంబరూ లేకుండా,
రెండు నిప్పులు తిరుగుతా ఉంటాయి.

ఆటో వచ్చింది. ఎక్కలా.
ఇంకాసేపు, పూర్తిగా మునిగిందాకా
ఈ పొద్దు చూడాల.