రెండు తీగలు

మా తానాల అర్రల ఒక గోలెం ఉంది,
మా నాయిన పోయించిన సిమెంటు గోలెం.
దాని అంచు ఒక పక్క విరిగింది.
నిండితే ముందు ఆ విరిగిన కాడినుంచే పొర్లుతది,
గుసగుసగ, ఎవరికీ చెప్పకుండ.

కొత్తవాడల నల్లా దినం తప్పి దినం వస్తది.
ఏ యాళ్లకో ఎవనికీ ఎరుక లేదు.
తిప్పి పెట్టి మగ్గం ముంగట కూసుంటే
ఇనుప పంజా దెబ్బ తప్ప నాకింకోటి ఇనరాదు.
ముప్పై ఏండ్లు జంపఖానాలు నేసిన చెవులు,
వాటికి లోకంల ఉన్నది ఒక్కటే చప్పుడు.

పోయిన శ్రావణంల
ఎర్ర నూలు అద్దకమేసి గంపల నింపి
గడప పక్కన దించినం. రంగింకా పట్టలే.
గోలెం పొర్లింది. నేను పంజా మీద ఉన్న.
నీళ్లు గంప కిందికెళ్లి, గంపల దూరి,
ఎర్రగ గల్లీలకు నడిచి పోయినయి.
ఓదెమ్మ ఉరికొచ్చింది:
"ఎవర్ని కోసిన్రే పొద్దుగాల్నే?"
నలభై చిలపల నూలు.
కనకలచ్చి నన్నొక్క మాట అనలే.
మోకాళ్ల మీద కూసోని గుడ్డతోటి నేల ఒత్తింది.
ఆ గుడ్డ ఇప్పటికీ గులాబి రంగే.

మండిబజార్ల ఖైసర్ భాయ్ రేడియోలు బాగుచేసేటోడు.
రేడియోలు పోయినంక చార్జర్లు, టార్చిలైట్లు.
నా ముచ్చటంత ఇన్నడు, నవ్వలే.
చెప్పుల డబ్బల చెయ్యి పెట్టి కెలికి
రెండు స్టీలు తీగలు, తొమ్మిది వోల్టుల సెల్లు,
ఎన్నడో విరిగిన బొమ్మలారీ గొంతు తీసిండు.
"ఒక్క తీగను ముట్టుకుంటే ఏం గాదు సదానందం,
నీళ్లు రెండిటినీ పట్టుకోవాలె.
అప్పుడే దీనికి మాటొస్తది."
ఎనభై రూపాలు. సెల్లు పైసలు వేరే.

లారీ ఎనుకకొచ్చేటప్పటి కూత అది.
మొదటి వారం మోగినప్పుడల్లా
గల్లీ పిల్లలు గోడకంటుకొని నిలబడ్డరు,
ఓదెమ్మ మేకను లోపలికి గుంజుకున్నది.
ఇప్పుడైతే
"సదానందం గోలెం నిండింది" అనుకుంట
ఐదిండ్లోళ్లు బిందెలు పట్టుకొని వస్తరు.
పొర్లిపోయేది వాళ్లకే పోతున్నది.

ఒక నడిజాముల కూసింది.
ఉరికి లైటేస్తే బల్లి.
ముంగటి కాళ్లు ఒక తీగ మీద, తోక ఇంకో తీగ మీద,
అదే భయపడి కదలక అట్లనే ఉన్నది.
మనిషి మీద పడితే ఏం ఫలమో పంచాంగంల ఉంటది.
సెల్లు మీద పడితే ఏమైతదో
అయ్యగారిని అడగబుద్ధి కాలే.

పంజా కొట్టుకుంట ఒక్కోసారి అనుకుంట:
నిండింది అన్న మాట
ఇంతకుముందు మా ఇంట్ల ఎవరన్నరు?
పెండ్లి బంతుల చెయ్యి అడ్డం పెట్టి
చాలు చాలు అన్నం గని
అది మొకమాటం. ఆకలి అట్లనే ఉండె.

ఈ ఎండకాలం నల్లా ఆరు దినాలు రాలే.
గోలెం అడుగున పాకుడు ఎండి పెచ్చులు లేచింది.
తీగలు రెండూ గాలికి ఊగుతున్నయి.
ఏడో నాడు పగటీలి
కూత!
పంజా ఎటు పడ్డదో చూడలే,
ఉరికి పోయి నల్లా మీద చెయ్యేసిన.

గోలెం ఎండిపోయే ఉన్నది.
దాని విరగని అంచు మీద కనకలచ్చి.
నాలికెతో తడి చేసిన ఏలు
రెండు తీగల నడుమ పెట్టి
లారీని ఎనుకకు తోలుతున్నది.

"ఏందే?"
"ఊకెనే. ఇనబుద్ధయింది."

ఏలు తియ్యలే.
బయట గల్లీల అప్పుడే బిందెల చప్పుడు,
ముందుగాల ఓదెమ్మదే.
నేను నల్లా పట్టుకొనే నిలబడ్డ,
కట్టేసి ఉన్నదాన్నే
ఇంకింత గట్టిగ తిప్పుకుంట.