గది నంబర్లు

నాకు వీటి పేర్లు సరిగా తెలియవు.
గది నంబర్లు తెలుసు.

కిటికీ గట్టు మీద ఎడమ చివర
కట్టు విప్పిన చీపురులా నాలుగు వైపులా పడి ఉన్నది
పద్నాలుగు.
దాని పక్కన, ముట్టుకుంటే పిల్లి చెవిలా ఉండేది
ఆరు.
ఆరుకి నీళ్లు పైనుంచి పొయ్యకూడదు, సాసర్లో పోసి పెట్టాలి.
ఆకు మీద చుక్క పడితే మచ్చే.
ఆ గదిలో ఉన్న మోయ్‌రా గారూ అంతే,
తల తడుపుతానంటే ఒప్పుకునేవారు కాదు.

మనిషి పోయాక
మా కేర్ హోమ్‌లో గది మూడోనాటికి ఖాళీ అవ్వాలి.
కూతుళ్లొస్తారు. ఫొటోలు, గడియారం,
మంచి కోటు ఉంటే అదీ సర్దుకుంటారు.
చివర్లో కుండీ వైపు చూసి
నా వైపు చూస్తారు.
పర్వాలేదు, ఇటివ్వండి అంటాను.
అట్లా మొదలైంది.

అబర్డీన్‌లో డిసెంబరు.
మూడున్నరకే పొద్దు గూకుతుంది,
రాతి మేడలన్నీ తోమి బోర్లించిన సత్తు గిన్నెల రంగు.
బస్సులో నా కోటు లోపల ఏదో దాచుకున్నానని
డ్రైవరు అడిగాడొకసారి: పసిబిడ్డా?
కాదు, ఇరవై రెండు, అన్నాను.
ఆయనకేం అర్థమైందో.
ఇరవై రెండు మాత్రం ఇంటికొచ్చాక అలిగి
నెల్లాళ్లు ఆకులు రాల్చింది.

భాస్కరం లెక్కపెట్టాడు. పదకొండు కుండీలు.
ఇది ఇల్లా, నీ రెండో డ్యూటీనా?

రెండో డ్యూటీయే.
అక్కడ మంచం పట్టినవాళ్లని
రెండు గంటలకోసారి పక్కకి ఒత్తిగిలించాలి.
ఇక్కడ ఆదివారం ఆదివారం
ఒక్కో కుండీ పావు చుట్టు.
అక్కడ ఎవరు ఎంత టీ తాగారో
మిల్లీలీటర్లలో రాసి సంతకం పెట్టాలి.
ఇక్కడ మట్టిలో వేలు గుచ్చి చూడటమే,
రెండు కణుపుల దాకా.
కుళాయి నీళ్లు రాత్రే పట్టి ఉంచుతాను.
ఆ చలి నీళ్లు తిన్నగా తగిలితే
వేళ్లు జివ్వుమంటాయి,
వాటివైనా నావైనా.

ఒకదాన్ని చంపాను కూడా.
పదిహేడు.
వచ్చిన కొత్తలో, వాడినట్టుందని రోజూ పోశాను,
పోసిన కొద్దీ వాడింది,
వాడిన కొద్దీ పోశాను.
పీకి చూస్తే వేళ్లు ఉడికిన కందిపప్పు,
మురుగు వాసన.
ఎవరికి రిపోర్టు చెయ్యాలో తోచలేదు.
కుండీ కడిగి బోర్లించాను, ఇంకా అలాగే ఉంది.

తొమ్మిది సంగతి చెప్పాలి.
ఇష్‌బెల్ గారు తాగగా మిగిలిన నీళ్లు
వణికే చేత్తో దాని మొదట్లో వొంపేవారు, పూటపూటా.
ఈమధ్య కొంచెం పెరిగింది కదూ, అనేవారు.
అవునండీ అనేదాన్ని,
దుప్పటి మడతపెడుతూ, చూడకుండానే.
మార్చిలో ఆ కుండీ ఎత్తితే
ఉత్త గాలిలా తేలిపోయింది.
నాచు కింద థర్మకోల్.
ఆకుల అంచులకి అచ్చం ఈనెలు పెట్టిన ప్లాస్టిక్,
మొదట్లో ఏళ్ల తరబడి నీళ్లు ఆరిన తెల్ల చార.

ఆవిడకి తెలుసా?
తెలిసే నన్ను అడిగారా?
బస్సులో ఆ రోజు కోటు గుండీలు పెట్టుకోలేదు,
దీనికి చలేమిటని.
రెండు స్టాపులు దాటాక పెట్టుకున్నాను.

పోయిన ఆదివారం వరసలో దానికీ పోశాను, పరధ్యానంగా.
ఎటుపోతాయి, కిందికే కారి కార్పెట్ తడిసింది.
భాస్కరం గుడ్డ తెచ్చి తుడిచాడు.
ఏమీ అనలేదు.
తుడిచి, కుండీని పావు చుట్టు తిప్పి పెట్టాడు.

నిన్న తొమ్మిదిలోకి కొత్తాయన దిగారు.
ఓడల్లో వంటవాడట, కళ్లజోడు వెతుక్కుంటున్నారు.
కిటికీ గట్టు మీద ఏమీ లేదు.

పద్నాలుగుకి పిల్లలు వేలాడుతున్నాయి.
ఒకదాన్ని తుంచి గాజు గ్లాసులో వేశాను.
వేళ్లు రావడానికి పది రోజులు పట్టచ్చు.
ఆయనకి మొక్కలంటే ఇష్టమో కాదో
ఇంకా అడగలేదు.