గరాటు లెక్క

క్యాలెండరు కాయిదం వెనక్కి తిప్పి
కిరాణం బాకీ కింద రాసిన.
మీసేవల దరఖాస్తు, నూటిరవై.
ఫోటోలు ఎనిమిది. అడిగింది నాలుగే,
మొదలు దిగిన నాలుగింట్ల కండ్లు మూసుకున్నడు.

మిర్యాలగూడల మిల్లు చేతులు మారింది.
సర్టిఫికెట్ లేంది గేటు దాటనియ్యరట.
లోపల ఊక చిమ్మే సైక్లోను
దాని మెడ, దాని పొట్ట, సైదులు కొట్టినయే.

అనుభవం రాసియ్యమంటే పాత సేటు నవ్విండు.
"ఇరవై రెండేండ్లా? ఆరని రాస్త.
అంతకు మించితే పీఎఫ్ అడుగుతరు."
పదహారేండ్లు అట్ల పోయినయి.
పైసల గడిల ఏం రాయాల్నో తెల్వక
గీత గీసి ఇడిసిన.

నల్లగొండకు నాలుగుసార్లు.
ఓసారి సారు లేడు.
ఓసారి సారున్నడు, కరెంటు లేదు.
మూడోసారి, ఆధార్‌ల సైదులు, టీసీల సైదయ్య.
ఇద్దరూ ఒక్కడేనని నోటరీ, మూడొందలు.
నాలుగు రోజుల కూలి, మూడువేల ఆరొందలు.
చాయ్, రెండువేల ఐదొందలు.
ఎవరు తాగిన్రో నన్నడగకు.

పరీక్షల కోను ఇప్పి పరిచినట్టు
కాయిదం మీద గియ్యమన్నరట.
ఆయన గీసేది బండ మీద, సుద్దతోని,
బొటనేలికి దారం చుట్టుకొని.
బల్ల ఎత్తుకు చెయ్యి సాగలేదట.
సారునడిగి కింద కూసున్నడు.
ఐటీఐ పోరగాండ్లు నవ్విన్రట,
కొంచెంసేపు.

రేకు మనమే కొనుక్కపోవాలె.
ఇరవై నాలుగు గేజి, మూడొందల ఇరవై.
గరాటు చేసిండు.
కింద వేలు అడ్డం పెట్టి నిండ నీళ్లు పోసిండట సారు,
కుట్టు కాడ చుక్క కారలె.
"ఇయ్యుండ్రి సార్, ఇంట్ల నూనె పోసుకుంటది"
అని అడిగిండట ఈయన.
"అది రికార్డయ్యా."
నంబరు గుద్ది బీరువల పెట్టి తాళమేసిండు.

సర్టిఫికెట్ వచ్చింది. లామినేషన్ నలభై.
దీపం కాడికి పట్టుకొని చదివిన,
పేరు సైదయ్య అనే ఉంది.
గేటు కాడి పిలగాడు
దాన్ని చూసిండో లేదో, పో అని చెయ్యూపిండట.

ఇయ్యాల పొద్దుగాల
డబ్బాల నూనె సీసాలకు వంచుతుంటే
పేపరు చుట్టి పెట్టిన. అంచు నాని
ఇప్పుకున్నది. బండంత నూనె.
తుడిసి, చేతులు కడుక్కొని,
క్యాలెండరు దించి అడుగుల రాసిన:
గరాటు, ఒకటి.

కూడిక ఇంకా ఎయ్యలె.