దారి అడిగే పద్ధతి

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్లకి
ఇది రాసిపెడుతున్నాను.
అమలాపురం ఇరిగేషన్ ఆఫీసు, వెనక గది.
నా కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి.

ఫైలంతా ఒక కాలువ అనుకో.
బొబ్బర్లంక దగ్గర తల, లొల్ల లాకుల దగ్గర పాయలు,
పాయకి బోదె, బోదెకి తూము.
తెరిచిన ట్యాగు ప్రతిదీ మూయాలి;
ఒక్కటి మరిచినా
మొత్తం ఫైలు చదవనని మొండికేస్తుంది.

ఒక గీత గీస్తే ఒక మెట్టు కిందికి.
/కాలువ/పాయ/బోదె/తూము
దారి తెలియకపోతే రెండు గీతలు:
//తూము
ఎంత లోతునున్నా సరే,
రెండువేల మూడొందల పధ్నాలుగు తూములు
ఒక్కసారి లేచి నిలబడతాయి.
కంగారు పడకు. షరతు పెట్టు.
//తూము[@గట్టు='ఎడమ']
సగం కూర్చుంటాయి.
రెండు చుక్కలు పెడితే కన్నతల్లి దగ్గరికి,
తూము నుంచి బోదెకి.

లెక్క ఒకటి నుంచి. సున్నా అలవాటుంటే మానుకో.
మొదటి వారం ఐదో తూము కోసం నాలుగు కొట్టి
ఒకరి నీటి తీరువా నోటీసు
పక్క రైతు పేర పంపించాను.
లస్కరు ఏసుపాదం పడీ పడీ నవ్వాడు.
"సున్నా తూమేంటండీ, ఆయ్,
సున్నా చేను ఎవరు దున్నుతారు?"

ఫైలు నెత్తిన నేమ్‌స్పేస్ అని ఒక వరస ఉంటుంది.
అది ఇంటిపేరు.
ఇంటిపేరు లేకుండా పిలిస్తే
ఇంటినిండా మనుషులున్నా ఎవరూ పలకరు.
తప్పని కూడా చెప్పదు, ఖాళీ చూపిస్తుంది.
నాకు రెండు రోజులు పోయాయి. నీకు పోనక్కర్లేదు.
పైన రాసినవాటన్నిటికీ ముందు తగిలించుకో,
చదవడానికి అడ్డమని ఇక్కడ తీసేశాను.

జూన్‌లో కాలువలు వదిలాక
మీటింగుకి ఒక లెక్క అడిగారు:
నీరందని తూములెన్ని?
//తూము[@నీరు='లేదు']
ఖాళీ.
ఈసారి ఇంటిపేరు పెట్టే పిలిచాను.
పెద్దసారు సున్నా కింద సంతోషంగా సంతకం పెట్టారు.

ఆ సాయంత్రమే ఏసుపాదం వచ్చాడు,
కాలి వేళ్ల మధ్య గుర్రపుడెక్క వేళ్లతో.
"ఇసుకమెరక శివార్లో నారుమళ్లు నెర్రెలిచ్చాయండి."
స్క్రీను చూపించాను.
కూడబలుక్కుని చదివాడు, అక్షరం అక్షరం.
"ఇది కాగితం మాటండి.
కాలవనింకా ఎవరూ అడగలేదు."

ఫారం తీసి చూశాను.
ఆ గడిలో 'ఉంది' ముందే అచ్చయి ఉంది.
రాయనిదాన్ని పట్టుకోడానికి ప్రశ్న ఉంది,
ఈ గైడులో పదకొండో పేజీ.
ముందే అచ్చేసినదాన్ని పట్టుకోడానికి
నాకు తెలిసి ఏదీ లేదు.

విలువలు మార్చే అధికారం నాకివ్వలేదు.
అందుకని ఆయన చెబుతుంటే వ్యాఖ్యగా రాశాను:

<!-- ఏడో తూము. రాయి విరిగింది, గోనెసంచి అడ్డం.
పైవాళ్లు రాత్రిళ్లు మోటారు వేస్తున్నారు. చుక్క రాదు.
చెప్పినది నేలపూడి ఏసుపాదం. -->

వ్యాఖ్యలు లెక్కకి రావు, ప్రింటుకి రావు.
తూములడిగే ప్రశ్నలన్నీ
వాటి పక్కనుంచే వెళ్లిపోతాయి,
లాకు గదిలో మనిషున్నాడని చూడకుండా
వంతెన దాటే బస్సుల్లాగ.
ఇప్పటికి నలభై ఒకటయ్యాయి.

ఫ్యాను ఆగితే కర్రతో తోయాలి, కర్ర బీరువా వెనక.
మీటింగు లేని రోజు చూసుకుని
ఈ ఒక్క వరస కొట్టు.
దీనికి ఇంటిపేరు అక్కర్లేదు.

//comment()

జవాబులు ఫైలు వరసలోనే వస్తాయి,
తల నుంచి తోకకి.
ఇసుకమెరక అన్నిటికన్నా చివర.
అక్కడిదాకా చదువు.