లెక్క చెప్పాలె

ఆదివారం అబిడ్స్‌లో, మూసిన చెప్పుల షాపు మెట్ల మీద
ముప్ఫై రూపాయలకి ఇచ్చాడు మొయిజ్ భాయ్.
అట్ట ఊడింది. పేరున్న కాగితం ఎవరో చింపుకున్నారు.
"కథలు మాత్రం పూరా ఉన్నయ్ సార్" అన్నాడు
దుమ్ము తన లుంగీకే తుడిచి.

ఎనిమిది కథలు.
ముందు నాలుగింట్లో పోరగాళ్లు
గోడలు దూకుతారు, నాన్న గడియారం అమ్మి సిగరెట్లు కాలుస్తారు,
గంట నాలుకకి గోనెపట్టా చుట్టి
బడి మొత్తాన్నీ నిద్రపుచ్చుతారు.
తర్వాతి నాలుగింట్లో
వాళ్లలాంటి వాళ్లే, బూట్లు మాత్రం అందరికీ ఒకటే కొలత,
కందకాల్లో కూచుని తడిసిన మేజోళ్లు పిండుకుంటారు.

ముందు సగం రాత్రే అయిపోయింది, దోమల చక్రం ఆరేలోపు.
నవ్వానంటే, లైటార్పమని మా ఆవిడ కసిరేంత.

సోమవారం మెట్రోలో ఐదో కథ.
వీధి దీపాలు ఉండేలుతో పగలగొట్టిన పిల్లాడు
ఇప్పుడు గ్రెనేడు విసరాలి.
'చేతికి దూరం గుర్తుంది' అని రాశాడాయన.
అంతే. కింద సగం పేజీ తెలుపు.

తలెత్తితే కిటికీలో తార్నాక.
రైలు పైన పోతోంది,
నేను కింద ఉన్నాను, పంతొమ్మిదేళ్లవాణ్ని,
మెడకి రుమాలు, నోట్లో నినాదం,
గుప్పిట్లో కంకరరాయి, జొన్నరొట్టెలా వెచ్చగా.
దేనికోసమో ఇప్పటికీ చెప్పగలను, అది తప్పనను.
రాయి మాత్రం బస్సుకేశాను.
బస్సులో మనిషి ఉన్నాడు.

కండక్టరు దిగాడు. కనుబొమ్మ చీలి
నెత్తురు ఖాకీ జేబులోకి కారుతోంది.
తిడతాడనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను.
వంగి, రోడ్డు మీద చెదిరిన టికెట్లు ఏరుకుంటూ
"తొక్కకు బిడ్డా, లెక్క చెప్పాలె" అన్నాడు.

ఒకటి నా చెప్పుకి అంటుకొచ్చింది.
గులాబీరంగుది. మూడు రూపాయలు.
ఆయన లెక్కలో అంత తగ్గింది.

కథల్లో తిరుగుబాటంటే నాకెప్పుడూ ముద్దే,
యుద్ధమొస్తే పేజీలు తిప్పేసేవాణ్ని.
రెంటి మధ్యా గోడుందనుకున్నా.
పేరు చింపేసిన ఈ మనిషి
ఆ గోడలోంచి ఒక్క ఇటుక లాగాడు.
అవతలా నా చెయ్యే.

కోపం వచ్చింది.
నాది రాయే కదా, కుర్రకోపమే కదా,
దాన్ని కందకాల దాకా ఎవరు నడిపించుకుపోయారు?
"తదుపరి స్టేషన్ పరేడ్ గ్రౌండ్" అంది రైలు,
అడిగినదానికి జవాబిచ్చినంత మామూలుగా.

ఆరు, ఏడు ముక్కలు ముక్కలుగా చదివాను.
ఎనిమిదోది ముట్టుకోలేదు.

మా మన్వితకి పదిహేడు. పోయిన వారం
హాజరు ఫైను కట్టనని కాలేజీ గేటు ముందు కూచుంది.
ఫోన్లో ప్రిన్సిపాల్ అరుస్తుంటే
"సరేనండి, సరేనండి" అంటూ లోపల పొంగిపోయినవాణ్ని నేను.
ఆ సంగతి దానికి తెలుసు.

"ఏం పుస్తకం నాన్నా, ఇటియ్యి" అంది.
చివరి నాలుగూ బ్లేడుతో కోసేద్దామా అని ఒక్క క్షణం.
దారం కుట్టు చూశాను.
కోస్తే ముందువి కూడా ఊడొస్తాయి.

ఇచ్చాను.
టికెట్టు గురించి చెప్పాలి దానికి. ఈ రాత్రి కాదు.

అది వెనకనించి మొదలుపెట్టింది, ఎనిమిదోది.
చదివి, లైటార్పకుండానే,
గోడవైపు తిరిగి పడుకుంది.
ఎలా ముగిసిందని నేనడగలేదు.