కీస

కీస కుట్టుడు అన్నిట్లకంటె ఆఖరికి నేర్పేటోడు మా నాయిన.
అంగి మెడ వొంకరవోతె నలుగురు నవ్వుతరు, గంతే.
కీస పిగిలితె మనిషి బరివాతయితడు అంటుండె.

గిర్మాజిపేటల మూడు పలకల తలుపు దుకాణం మాది.
నాకు పదేండ్లప్పుడు, పీరీల పండుగ ముంగట,
అర్ధరాత్రి జీపొచ్చి ఆగింది.
మిషిని బోర్ల పడ్డది.
దారపుండలు మోరి దాక దొర్లినయి.
దొరికింది ఏందయ్యా అంటె
పీరీకి కట్టనీకె ఇమాంసాబు ఇచ్చివోయిన
రెండు గజాల పచ్చగుడ్డ.
"అన్నలకు డ్రెస్సులు కుడుతున్నవారా?"
చిలుకపచ్చ వేరు, అడివిపచ్చ వేరు,
మేరోళ్ల పోరడు సుత చెప్తడు.
ఆ రాత్రి నన్నెవరూ అడగలే.

నాయిన నాలుగు దినాలకొచ్చిండు.
గుడ్డ రాలే.
తీస్కపోయినట్టు రాత లేదు, రశీదు లేదు.
ఆ ఏడు పీరీ పాతగుడ్డతోనే లేచింది.

కాలం గమ్మతిది. ఇప్పుడు నేను కుట్టేది సగం ఖాకీనే.
ఠాణోళ్ల నడుములన్నీ నా కాపీల ఉన్నయి,
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై రెండు.
వాళ్ల కీసకు మూతుంటది, మూతకు గుండీ ఉంటది.
మనోని కీసకు నోరొక్కటే.

కోర్టుల జూనియర్ వకీలు నస్రీన్ మేడం
నల్లకోటు పిగిలినప్పుడల్లా తెస్తది.
పైసలు తీస్కోను, మాటలు తీస్కుంట.
ఆడపిల్లను ఆడపోలీసే ముట్టాలె, అది చంక కుట్టు.
దొరికింది రాయాలె, రాసినదాని నకలియ్యాలె, అది భుజం కుట్టు.
ఖాళీ కాయితం మీద సంతకం పెట్టకురి,
అన్నప్పుడు కోటు ఆమె చేతుల్నే ఉండె,
దారం తెంపుడు సుత మర్షిపోయిన.

నేను ఇన్న మాటలు మిషిని పక్కన కూసున్న ఓదెలు సుత ఇన్నడని
మొన్న శుక్రారం దాక నాకు తెల్వదు.

పదకొండు కొట్టినంక, పదకొండు ప్యాంట్లు సంచిల ఏస్కొని
అండర్‌బ్రిడ్జి దాటుతుంటె ఆపిండ్రు.
"ఏందిరా సంచిల, గంజాయా?"
ఓదెలు ఉరకలే. చెయ్యి లేపలే, గొంతు లేపలే.
సంచి కింద పెట్టి అన్నడట:
"గంజాయి అనుమానమైతె సార్,
మెజిస్ట్రేటు ముంగటనో గెజిటెడ్ ఆఫీసరు ముంగటనో
ఎతుకుమని అడిగే హక్కు నాకున్నదట.
అది మీరే నాకు చెప్పాల్నట.
నా కీసల చెయ్యి పెట్టెటందుకు ముందుగాల
మీ చేతులు, మీ కీసలు గూడ ఒక్కపారి చూపియ్యుండ్రి."

ఒకాయన నవ్విండు.
ఒకాయన చెయ్యి లేసింది, సగంల ఆగింది.
ఎందుకాగిందో ఇయ్యాల్టికీ తెల్వదు.
చట్టానికో,
చాయ్ బండి కాడ ఎవరో ఫోన్ ఎత్తిపట్టినందుకో.

హక్కంటె మంత్రమేం కాదు.
గంటన్నర నిలవెట్టిండ్రు, వానికి పిక్కలు గుంజినయి.
ఆఖరికి పెద్దసారు దిగిండు.
చాయ్ బండాయన చూస్తుండంగ సంచి విప్పిండ్రు, రాసిండ్రు:
ప్యాంట్లు పదకొండు. కత్తెర ఒకటి. టేపు ఒకటి.
వేరే ఏం దొరకలేదు.
అందుల నలభై రెండు నడుం ప్యాంటు
ఆపినాయనదే. అది మాత్రం రాయలే.

ఆ కాయితం పొద్దుగాల నా చేతుల పెట్టిండు.
చదివిన. అద్దాలు తుడుసుకొని మల్ల చదివిన.
వేరే ఏం దొరకలేదు.
నాయిన నాలుగు దినాలు
ఎవరన్న అంటరని కూసున్నది గీ ముక్క కోసమే.

ఫోటో ఎనక పెడుదామనుకున్న. పెట్టలే.
ఓదెలు ప్యాంటు తిరగేసి, నడుంపట్టీ లోపట
నాలుగేళ్ల ఎడల్పు చోర్‌కీస కుట్టి
మడతవెట్టి అందుల దూర్చిన.
పేరుకే చోర్‌కీస.

పది గొట్టంగ నలభై రెండు నడుమాయన ప్యాంటుకొచ్చిండు.
తొడుగుకొని అద్దంల చూసుకున్నడు.
"కీసలు లోతు సరిపోయినయా సార్?" అన్న.
చేతులు రెండు లోపట పెట్టి, తీసి,
ఉత్తచేతులు నా దిక్కు చూపిండు.
ఓదెలు తలెత్తలే. మిషిని తొక్కుతనే ఉన్నడు.